అడిగి తీసుకున్న శోకం

అమరచింతలో బాలనాగమ్మ అనుమానం గురించి తెలియనివాళ్ళు లేరు. పాలు తెచ్చినవాడి చెంబులో వేలు ముంచి చూస్తుంది. కిరాణా కొట్టువాడు తూకం వేస్తుంటే ముల్లును వదిలేసి వాడి చిటికెన వేలు ఎక్కడుందో చూస్తుంది. బస్సులో టికెట్ ఇస్తే ఊరిపేరు సరిగ్గా ఉందో లేదో పక్కవాళ్ళతో చదివించుకుంటుంది. నవ్వుతూ వచ్చినవాడి మీద ఒక అనుమానమైతే ఏడుస్తూ వచ్చినవాడి మీద రెండు.

"నీ అనుమానం పాడుగాను! రేపు యముడొచ్చినా చీటీ చూపియ్యమంటవు" అని మొగుడు చిన్నయ్య నవ్వేవాడు.

"చూపియ్యకుంట ఎట్ల పోత? ఇంకొకరి చీటీ మీద నన్ను గుంజుకపోతే ఎవడు జవాబు?" అనేది ఆవిడ.

నవ్వకండి. ఆ అనుమానం ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకప్పుడు అందరినీ నమ్మిన మనిషే. తమ్ముడు పెంటయ్యను కాలువ పనికి తీసుకుపోతానని ఒక మేస్త్రి వచ్చి, వాకిట్లో కూర్చుని కడుపునిండా తిని, "ఆరు నెలలే అక్కా, నీ తమ్ముడంటే నా తమ్ముడే" అన్నప్పుడు మారుమాట లేకుండా సద్దికట్టి పంపింది ఆవిడే. నాలుగో నెలలో పెంటయ్య తిరిగొచ్చాడు, లారీలో పడుకుని. విరిగిపడిన మట్టికింద నుంచి తీశారట. మేస్త్రి మాత్రం రాలేదు. అట్లాంటి లారీ రాని ఊరు పాలమూరులో ఒక్కటి చూపండి చూద్దాం! ఆ రోజుతో బాలనాగమ్మకు మనుషుల మాట మీద నమ్మకం పోయింది.

ఆ పూట వాకిట్లో ఆవిడ శోకం పెట్టింది. మా దిక్కు చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాళ్ళ బతుకంతా రాగం కట్టి, చెప్పి చెప్పి ఏడుస్తారు. దాన్నే శోకం పెట్టడమంటారు. బాలనాగమ్మ పెట్టిన శోకం ఇదీ:

"లారీ ఎక్కి పోతివి తమ్మా, లారీల వస్తివి తమ్మా
పోయేనాడు చెయ్యూపితివి, వచ్చేనాడు చెయ్యి లేపకపోతివి
సద్ది గట్టిన తువ్వాలనే ముఖం మీద గప్పిరి తమ్మా
ఎవరి కాల్వ తవ్వితివి, ఎవరి మడి పారిస్తివి
మన చెల్క ఎండిపాయె తమ్మా, మన దీపం ఆరిపాయె"

ఊరు ఊరంతా ఏడ్చింది. శవాన్ని తెచ్చిన లారీ డ్రైవరు ఏ రాష్ట్రం వాడో, ఒక్క ముక్క అర్థం కాకపోయినా స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు.

శోకానికి ఒక కట్టుబాటు ఉంది. ఒక ఇంట పుట్టిన శోకాన్ని ఇంకొకరు ఎత్తుకోకూడదు. కావాలంటే ఆ శోకం పెట్టిన ఆడమనిషికి కొబ్బరికాయ, రవికె గుడ్డ ఇచ్చి అడిగి తీసుకోవాలి. అడగకుండా ఎత్తుకున్నవాడు చావును చెయ్యిపట్టి ఇంటికి తెచ్చుకున్నట్టే. ఇంకో మాట కూడా ఉంది. ఎవరైనా నవ్వారంటే ఆ శోకం మైలపడుతుంది, దాన్ని మళ్ళీ నోట పెట్టరు. ఇవి ఏ పుస్తకంలోనూ రాసిలేవు. పుస్తకాల్లో రాసుకున్నవే ఎగ్గొట్టే మనుషులు వీటిని మాత్రం తప్పేవాళ్ళు కాదు.

ఇక చిన్నయ్య సంగతి. పొద్దంతా రెండెకరాల చెల్కలో పల్లికాయ పండించుకునే రైతు. వీధినాటకంలో వేషం కడితే రాక్షసరాజు. నెత్తిన కిరీటం, ముఖాన రంగు, చేతిలో గద పట్టుకుని "ఎవడురా అక్కడ!" అన్నాడంటే ముందు వరుస పిల్లలు తల్లుల ఒళ్ళో దూరేవాళ్ళు. ఖిల్లా ఘణపూర్ నుంచి గద్వాల దాకా నలభై ఊళ్ళలో అతని వేషానికి తిరుగు లేదు. ఒక్కచోట మాత్రం తేలిపోయేవాడు. కథలో రాజు తమ్ముడు యుద్ధంలో చస్తాడు. రాజు తమ్ముడి మీద పడి ఏడవాలి. చిన్నయ్య ఏడుస్తుంటే జనం బీడీలు వెలిగించుకునేవాళ్ళు.

పెంటయ్య పోయిన మూడో నెలలో చిన్నయ్య కొబ్బరికాయ, రవికె గుడ్డ చేతబట్టుకుని సొంత ఇంటి గడప ముందే పరాయివాడిలా కూర్చున్నాడు.

"ఏందయ్యా ఇది?" అంది బాలనాగమ్మ.

"పెంటయ్య శోకం నాకియ్యే. తమ్ముడు సచ్చిన రాజు ఏడ్వాలె. పుస్తకంల పద్యం నోటికొస్తుంది గాని కడుపులకెల్లి వస్తలేదు."

ఆవిడ రవికె గుడ్డ మడత విప్పి చూసింది. తర్వాత కొబ్బరికాయ అందుకుంది. "ఏడ్వనీకైతే తీస్కో. నవ్వులాటకు పెట్టినవంటే మాత్రం నీ ముఖం సూడ. నా తమ్ముని మీద ఒట్టు" అంది.

అట్లా రాక్షసరాజు తన తమ్ముడి కోసం పాలమూరు ఆడబిడ్డ శోకం పెట్టాడు. బీడీలు వెలిగించుకునే మొగవాళ్ళు తువ్వాళ్ళు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్రతి ఇంటికీ ఒక లారీ ఉంది కదా. బాలనాగమ్మ ప్రతి ఆటకూ పోయి ఒక మూల కూర్చునేది. నా తమ్ముణ్ణి నలభై ఊళ్ళు ఏడ్చాయి అనుకునేది. ఆవిడకు లోకంలో దక్కిన ఊరట అదొక్కటే.

ఆ నాటకాలకు ఇంకో కట్టుబాటు. వేషంలో చచ్చినవాడు తెర దించేదాకా లేవకూడదు. లేచాడా, ఆట చెడినట్టే. దీపం తగ్గించి, దండం పెట్టి, ఇంకో రోజు మొదటి నుంచి ఆడాలి. ఒకసారి ఘణపూర్‌లో చచ్చిన తమ్ముడి వేషగాడు చీమలు కుట్టి ఎగిరి లేచాడు. హార్మోనియం వెంకటన్న టక్కున పెట్టె మూసేశాడు. జనం గొణుక్కుంటూ లేచిపోయారు గానీ ఒక్కరూ ఆడమని అడగలేదు.

రెండు వేల అయిదులో సినిమావాళ్ళు సోమశిలకు వచ్చారు. కృష్ణ ఒడ్డు వాళ్ళ కంట పడింది. వనపర్తిలో ఇర్ఫాన్ అని జీపు నడిపే అతను షూటింగులకు మనుషుల్ని పోగేసి పంపే పని మొదలుపెట్టాడు. రాక్షసరాజును వదులుతాడా? "చిన్నన్నా, నీ అసుంటి యాక్టర్ హైదరాబాద్‌ల లేడు" అని జీపెక్కించాడు. ఊరంతా సాగనంపింది. నాలుగు రోజుల తర్వాత చిన్నయ్య తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఏమాయె?" అంటే "ఏం గాలే" అన్నాడు.

ఏం గాలే అన్నాడంటే ఏదో అయ్యిందని బాలనాగమ్మ అప్పుడే అనుకుంది.

ఆ సినిమా వచ్చాక చూస్తే ఏముంది? హీరో ఒక్క చెంపదెబ్బ కొడతాడు, చిన్నయ్య గిరగిరా తిరిగి పేడకుప్పలో పడతాడు. మాటా లేదు, పలుకూ లేదు. ఊరివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. పోనీ మొదటిది కదా అనుకుంటే రెండోదాంట్లో చెట్టుకు కట్టేసిన మనిషి. మూడోదాంట్లో హీరో జీపు కడిగేవాడు, అదీ వీపు మాత్రమే కనిపిస్తుంది. గద్వాల కోట దగ్గర షూటింగన్నా, కొల్లాపూర్ దిక్కు అన్నా, ఇర్ఫాన్ కబురు పెడితే చాలు, పీకిన పల్లికాయ కల్లంలో వదిలేసి పరుగెత్తేవాడు.

"నలభై ఊర్లను గడగడలాడిచ్చిన రాజు పేడల పడ్డడు" అని హోటల్ దగ్గర ఒకరంటే, "పెద్ద పెద్ద యాక్టర్లే బేకార్ సినిమాలు చేస్తుండ్రు, మనోడెంత" అని ఇంకొకరు. వెంకటన్న చాయ్ ఊదుకుంటూ ఒక సిద్ధాంతమే చెప్పేవాడు. "ఇల్లు గడవనీకె ఒకడు చేస్తడు. దోస్తు అడిగిండని ఒకడు చేస్తడు. జనం మర్చిపోతరని భయపడి ఒకడు చేస్తడు. బుద్ధి లేక చేసెటోడు ఎట్లాగూ ఉంటడు." ఆ మాటలు చెవినపడ్డ బాలనాగమ్మ ఒక్కొక్కటే తన మొగుడికి తొడిగి చూసింది. ఇల్లు పల్లికాయతో గడుస్తుంది. దోస్తులంతా ఊళ్ళోనే ఉన్నారు. జనం మరిచేది లేదు. బుద్ధి అంటారా, కొంచెం తక్కువే గానీ అంత తక్కువేం కాదు. మరి ఎందుకు పోతున్నాడు?

అక్కడి నుంచి ఆవిడ కన్ను మొగుడి మీద నుంచి దిగలేదు. సంచి దులిపి చూసింది. చొక్కా కాలరు వాసన చూసింది. ఒకసారి భుజం మీద ఎర్రటి మరక కనిపించి ఇల్లు పీకి పందిరేసింది. అది సినిమా నెత్తురని చిన్నయ్య నీళ్ళలో పిండి చూపించేదాకా ఊరుకోలేదు. పిండి చూపించాక కూడా, ఇంత బుద్ధిగా చూపిస్తున్నాడంటే ఇంకేదో దాస్తున్నాడని అనుకుంది.

అన్నిటికంటే ఆవిడ గుండెలో ముల్లులా దిగింది ఇంకొకటి. నాటకంలో చిన్నయ్య శోకం పెట్టడం మానేశాడు. తమ్ముడి శవం ముందు కూర్చుని పుస్తకంలోని పద్యమే పొడిపొడిగా అని లేచిపోతున్నాడు. "మర్చిపోయిన" అన్నాడు అడిగితే. ఒకసారి వింటే వందేళ్ళు గుర్తుపెట్టుకునే మనిషి! జనం మళ్ళీ బీడీలు వెలిగించారు. మూల కూర్చున్న బాలనాగమ్మకు తమ్ముడు రెండోసారి చచ్చినట్టయింది.

రెండు వేల ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వెంకటన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. ఎండ గురించి మాట్లాడాడు, వాన గురించి మాట్లాడాడు. మనసులో మాట ఉన్నవాడే ఇన్ని మాట్లాడతాడని ఆవిడకు తెలియదా?

"అన్నా, అసలు సంగతి చెప్పు" అంది.

"ఏం లేదు చెల్లె... చెప్పొద్దనుకున్న గాని కడుపుల దాగుతలేదు. మన చిన్నయ్యకు సినిమాల పెద్ద వేషమిస్తమన్నరంట. రెండు పేజీల మాటలంట. వద్దన్నడంట."

"వద్దన్నడా?"

"వద్దని, గదే సినిమాల శవం వేషం తీస్కున్నడు. ఇర్ఫానే చెప్పిండు. పిచ్చోడా ఏంది నీ మొగుడు?"

పిచ్చివాడు కాదని బాలనాగమ్మకు తెలుసు. అందుకే భయం. మర్నాడే వనపర్తి బస్సెక్కింది. బస్టాండు దగ్గర జీపు తుడుచుకుంటున్న ఇర్ఫాన్ ఆవిణ్ణి చూసి గుడ్డ కింద పడేసుకున్నాడు.

"నా మీద గుస్స చేస్తె ఏం లాభమక్కా? డైరెక్టర్ సారే అన్నను పేరు పెట్టి అడిగిండు, మంచి వేషమని. అన్ననే కాదన్నడు."

"మరి శవం వేషమో?"

"గది అన్ననే అడిగి తీస్కున్నడు. 'గా డైరెక్టర్ యాడ షూటింగ్ పెట్టినా నన్ను పిలువు, ఏ వేషమైనా సరే, ఒక్కరోజు గూడ తప్పియ్యకు' అని రెండేండ్ల కింద నా చేతులు పట్టుకున్నడు."

"గా ఒక్కాయన షూటింగ్‌లకే ఎందుకు? ఇంకెవరూ సినిమాలు తీస్తలేరా?"

ఇర్ఫాన్ చూపు తిప్పుకుని అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "నాకేం తెల్వదక్కా. అన్న చెప్పొద్దన్నడు."

తెలియదట, చెప్పొద్దన్నాడట! ఒక్క నోటితో రెండూ చెప్పాడు. "గా సినిమాలల్ల ఆడోళ్ళు ఎవరుంటరు తమ్మీ?" అని బాలనాగమ్మ మెల్లగా అడిగింది.

"మస్తుమంది ఉంటరు. హీరోయిన్ దోస్తు వేషానికి యమున అని ఒకామె అన్నిట్ల ఉంటది..." అని ఇర్ఫాన్ ఆగిపోయాడు. ఆవిడ ముఖం చూసి, "తోబా తోబా! గట్ల కాదక్కా!" అన్నాడు.

కానీ పేరు చెవిలో పడనే పడింది. యమున. తిరుగు బస్సులో అమరచింత దాకా ఆవిడ ఆ పేరునే నములుతూ వచ్చింది. అడిగి తీసుకున్న శవం వేషం, ఒకే డైరెక్టరు, అన్నిట్లో ఒకే ఆడమనిషి. తమ్ముడి శోకం ఎందుకు మరిచిపోయాడో ఇప్పుడు తెలిసిందనుకుంది. మనసులో కొత్త మనిషి చేరితే పాత చావులెవరికి గుర్తుంటాయి? ఇంట్లో మాత్రం ఒక్క మాట అనలేదు. పట్టుకుంటే చేతిలో సరుకుతో పట్టుకోవాలి, లేకపోతే దొంగ భుజాలు దులుపుకుని తప్పించుకుంటాడు. అన్నం పెట్టేటప్పుడు కూడా ముఖం మీద నవ్వు పూసుకుంది. అది చూసి చిన్నయ్యకు ఎక్కువ భయమేసింది.

వానలు పడ్డాక ఆ సినిమా వనపర్తి టాకీసుకు వచ్చింది. "పోదాం పా" అంది.

"తలనొస్తుందే."

"టాకీస్‌ల సల్లగుంటది. తగ్గుతది."

"గా సినిమాల నేను ఉన్న లేనట్టే. నన్ను నడిమిట్ల ఎల్లగొట్టిండ్రు. ఏముంటది సూడనీకె?"

ఎందుకు వెళ్ళగొట్టారో అడిగితే నేల చూశాడు. ఆ చూపు చాలు ఆవిడకు. మొగుడి చెయ్యి పట్టుకుని, ఊరు చూస్తుండగా బస్సెక్కించింది.

మ్యాట్నీ ఆట. హాలు నిండా జనం, ఈలలు. చిన్నయ్య తువ్వాల నెత్తి మీదుగా కప్పుకుని కుర్చీలో కుదించుకుని కూర్చున్నాడు. కాసేపటికి తెర మీద యమున వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఎప్పుడూ ఏదో నములుతూ హీరోయిన్ వెనక నవ్వుతూ ఉంటుంది. బాలనాగమ్మ తెరను చూడలేదు, మొగుడి ముఖం చూసింది. చిన్నయ్య ముందు కుర్చీ వెనకున్న మేకును చూస్తున్నాడు. యమున పాట పాడింది, ఎగిరింది, పోయింది. చిన్నయ్య మేకునే చూస్తున్నాడు. ఇదేంది, ఒక్కసారైనా తలెత్తడే? ఆవిడ అనుమానానికే అనుమానం వచ్చింది.

తర్వాత సోమశిల ఒడ్డు కనిపించింది. తెల్లగుడ్డ కప్పిన శవం. గుడ్డ కొంచెం తొలగి చిన్నయ్య ముఖం. "మనోడే!" అన్నారెవరో వెనక నుంచి. శవం పక్కన మెడలో గొలుసులు వేసుకున్న ఒక జోకర్ రౌడీ కూలబడ్డాడు. ముక్కు చీది ఆ చేతిని పక్కవాడి చొక్కాకు తుడిచాడు. జనం నవ్వారు. వాడు గుండె బాదుకుంటూ నోరు తెరిచాడు.

"లారీ ఎక్కి పోతివి తమ్మా, లారీల వస్తివి తమ్మా..."

బాలనాగమ్మకు మొదట అర్థం కాలేదు. ఎక్కడో విన్న రాగం అనుకుంది. మరుక్షణం అది తాను కట్టిన రాగమేనని తెలిసింది.

"పోయేనాడు చెయ్యూపితివి..." వాడు చెయ్యి ఊపుతూ నడుము కూడా ఊపాడు. హాలంతా గొల్లుమంది. "అరె, మన మాటలే మాట్లాడుతుండు రో!" అని ఎవడో ఈల వేశాడు. నవ్వుతున్నది ఎవరు? హైదరాబాదు నుంచి దిగివచ్చినవాళ్ళా? అందరూ ఈ చుట్టుపక్కల వాళ్ళే. లారీలెక్కి పోయినవాళ్ళ అన్నలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. తమ ఇంట్లో అమ్మ ఏడ్చిన ఏడుపుకు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. బాలనాగమ్మకు అక్కడే భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

"సద్ది గట్టిన తువ్వాలనే..."

తెర మీద శవం లేచి కూర్చుంది.

తెల్లగుడ్డ విసిరికొట్టింది. కళ్ళు చింతనిప్పులు. ఆ కళ్ళు నలభై ఊళ్ళకు తెలుసు. వేషం లేదు, కిరీటం లేదు, రంగు లేదు, కానీ ఆ లేచింది రాక్షసరాజే. జోకర్ మీదికి చెయ్యెత్తింది. నిజంగానే హడలిపోయిన జోకర్ వెనక్కి దొర్లి నీళ్ళలో పడ్డాడు. అంతే, తర్వాత పాట మొదలైంది.

హాలు పైకప్పు లేచిపోయేంత నవ్వు. "శవం లేసింది రో!" అని కుర్చీలు చరిచారు.

బాలనాగమ్మ పక్కకు తిరిగింది. చిన్నయ్య తెర వైపు చూస్తున్నాడు. తువ్వాల జారిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. అది తప్పు చేసి దొరికినవాడి ముఖం కాదు, ఇప్పుడే మోసపోయానని తెలుసుకున్నవాడి ముఖం. మేస్త్రి రాలేదని తెలిసిన రోజు అద్దంలో తన ముఖం అట్లాగే ఉండింది. ఆవిడ లేచి బయటికి నడిచింది. వెనకే చిన్నయ్య వచ్చాడు.

టాకీసు ఎదుట పూలూ కొబ్బరికాయలూ అమ్ముకునేవాళ్ళ పక్కన అరుగు ఉంది. అక్కడ కూలబడి, "చెప్పు" అంది.

"మొదటి షూటింగ్‌ల, అన్నం తినే టైముల, ఏదన్న చేసి చూపియ్యమన్నరు. రాజు వేషమంటే మస్తు గొప్పగ చెప్పిన. కండ్లు మూస్కొని శోకం పెట్టిన బాలా. తెరిచి చూస్తె అందరు పడి పడి నవ్వుతున్నరు. ఒకడు ఫోన్ల రికార్డు పట్టుకున్నడు. రాగానికి నవ్వలే వాళ్ళు, మన మాటకు నవ్విండ్రు. రౌడీలకు, జోకర్లకు తప్ప మన మాట పెట్టరు గద." తువ్వాల కొసను వేళ్ళకు చుట్టుకున్నాడు. "మైలపడ్డదని ఆ దినం నుంచి నాటకంల పెట్టలే. 'ఇది సినిమాల పెడ్తం, నువ్వే వెయ్యి, ముక్కు చీదుకుంట ఏడువు' అన్నరు. కాదన్న. నేను కాదంటె ఇంకొకనితోని పెట్టిస్తరని తెల్సు. అందుకే చెంపదెబ్బ తిన్న, పేడల పడ్డ. యాడ పెడ్తరో ఆడ నేనుండాలె అని."

"ఉండి?"

"సోమశిలల పెట్టిండ్రు. గా జోకర్ వేషమే పెద్ద వేషమని నాకిస్తమన్నరు, వద్దన్న. నేను శవాన్ని. వాడు నోరు తెరిచిండు, నేను లేసిన. తిట్టి మళ్ళ పండుకోమన్నరు. మళ్ళ లేసిన. మూడోసారి గూడ లేసిన. అప్పుడు ఎల్లగొట్టిండ్రు. సచ్చినోడు లేస్తె ఆట చెడినట్టే గద మన లెక్క! పాడైంది, ఇంక పారేస్తరు అనుకున్న. ఖుషీగ ఇంటికొచ్చిన. గదే పెట్టుకుంటరని నాకేం ఎరుక?"

"నాకెందుకు చెప్పకపోతివి?"

"నా ముఖం సూడనంటివి గద."

బాలనాగమ్మ అతని భుజం మీద ఒకటి చరిచింది, గట్టిగానే. "నా తమ్ముడు వాళ్ళకేమాయెనని వాళ్ళ ముందల పెట్టినవయ్యా?" అని ఏడ్చింది. ఏడుస్తూనే రెండోది చరిచింది. చిన్నయ్య తప్పుకోలేదు. ఆవిడ ముఖం తుడుచుకుని అడిగింది.

"మూడుసార్లు లేసినవా?"

"మూడుసార్లు."

"నిజంగ?"

"నమ్మకం లేకుంటె ఇర్ఫాన్‌ను అడుగు. ఆడనే నిలవడ్డడు."

ఆవిడ మొగుడి కళ్ళలోకి చూసింది. బస్టాండు అక్కడికి పది అడుగులే. ఇర్ఫాన్ జీపు అరుగు మీదికి కనిపిస్తూనే ఉంది.

"అడగ" అంది బాలనాగమ్మ.

ఆట అయిపోయి జనం బయటికొస్తున్నారు. ఎవడో చిన్నయ్యను గుర్తుపట్టి "అన్నా, శవమన్నా!" అని కేకేశాడు. బాలనాగమ్మ చూసిన చూపుకు వాడు సైకిలు తీసుకుని పక్క సందులోకి తిరిగిపోయాడు. చిన్నయ్య లేచి వెళ్ళి ఒక కొబ్బరికాయ తెచ్చాడు. రవికె గుడ్డ దొరకలేదు, మెడలోని తువ్వాల మడిచి దాని కింద పెట్టాడు. పరాయివాడిలా ఆవిడ ముందు కూర్చుని, రెండు చేతులా పట్టి, "మళ్ళ ఒకసారి ఇస్తవా? నవ్వు తగిలింది, మైలే, నాకెరుకే. అయినా అడుగుతున్న" అన్నాడు.

"మైల నవ్వినోళ్ళకు. నా తమ్మునికెందుకు?" అని ఆవిడ కొబ్బరికాయ అందుకుంది. "ఏడ్వనీకేనా?"

"ఏడ్వనీకే."

"అయితే ఆట మన ఊర్ల పెట్టొద్దు. ఈడ పెట్టు, గీ టాకీస్ ముందల. నవ్వినోళ్ళే వచ్చి ముందు వరుసల కూసోవాలె" అంది. కొబ్బరికాయను కొంగులో మూటగట్టుకుని, అమరచింత బస్సు కోసం మొగుడి పక్కన నిలబడింది.